లావు అక్షరాల లోపలి అంకె

మా నాయన జమ్మలమడుగులో మిషన్ బడికి డ్రాయింగు మాస్టరు. ఊళ్ళో మాత్రం ఆయన్ను బోర్డుల సార్ అనేవాళ్ళు. చర్చిలో వేదిక వెనక కమాను మీది వాక్యం, ఆస్పత్రి వార్డుల పేర్లు, బజారులో సగం అంగళ్ళ రేకు బోర్డులు ఆయన చేతివే. ప్రతి అక్షరాన్నీ మూడు రకాలుగా రాసేవాడు. సన్నం, నడిమి, లావు. చేత పట్టుకుని చదివేవాళ్ళకు సన్నం, గుమ్మంలో నిలబడి చదివేవాళ్ళకు నడిమి, బస్సు కిటికీలోంచి చదివేవాళ్ళకు లావు. చిన్నప్పుడు ఒకసారి నేను నడిమి అక్షరాల చుట్టూ ఇంకో గీత గీసి, లావు చేశానని తెచ్చి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

“ఇది లావు కాదు పాపా. అక్షరాల కడుపులు సూడు, లోపలి ఖాళీలు మూసుకపోయినాయి. లావు అక్షరాన్ని మొదట్నుంచీ లావుగానే పుట్టించాల. పైన పూత పూస్తే సాలదు.”

డిగ్రీ అయ్యాక ప్రొద్దుటూరులో ఒక ప్రెస్సులో పనికి చేరాను. ముందు గదిలో కొత్తగా కొన్న కంప్యూటర్, వెనక గదిలో ఇంకా సీసం అచ్చులూ, కాలితో తొక్కే మిషనూ ఉండేవి. ప్రెస్సు యజమాని నాకంటే పదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేదాన్ని. తెలుగు కీబోర్డు ఆయనే నేర్పాడు. ఏ కీ కొడితే ఏ గుణింతం వస్తుందో అట్ట మీద రాసి గోడకు వేలాడదీసి, వారం తర్వాత ఆ అట్ట పీకేశాడు. “సూసి కొడ్తే ఎప్పుడు నేర్చుకుంటావు మ్మా?” అన్నాడు. తప్పు కొడితే అరిచేవాడు కాదు. పక్కన కూర్చుని మళ్ళీ కొట్టించేవాడు.

మా వైపు వర్గాలు అనగానే పైఊరి వాళ్ళకు బాంబులు గుర్తొస్తాయి. మాకు ముందు బస్సులు గుర్తొస్తాయి. యాడో ఒకచోట ఏదో జరిగిందంటే మధ్యాహ్నానికి బస్సులు ఆగిపోయేవి. అట్లాంటి రోజు ఒకటి, జమ్మలమడుగుకు తిరిగి రావడానికి ప్రొద్దుటూరు బస్టాండులో నేనొక్కదాన్నే ఆడమనిషిని మిగిలిపోతే, అన్న ప్రెస్సు మూసి స్కూటర్ తీశాడు. దారి పొడుగునా ఎవరూ లేరు. మా వీధి చివర స్కూటర్ ఆపి, నేను తలుపు కొట్టి, నాయన తలుపు తీసేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ మా ఇంట్లో ఆయనకు విస్తరి వేసేవాళ్ళం. నాయన ఆయన్ను కొడుకు కిందే లెక్క అనేవాడు.

అప్పట్లో కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో వచ్చేవి. చిన్న సైజులో ఫర్వాలేదు. వాల్‌పోస్టర్ సైజుకు పెంచితే కొమ్ములు ముక్కలైనట్టు, వత్తులు జారిపోయినట్టు ఉండేవి. నాయన అక్షరాలనే కంప్యూటర్‌లో పెడితే ఎట్లా ఉంటుంది అని ఒకరోజు అన్నాను. అన్నకు నచ్చింది. అక్షరాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరో కాపీ తెచ్చి ఇచ్చాడు. నాయన ట్రేసింగు కాగితం మీద అక్షరాలు గీసి ఇచ్చేవాడు, నేను స్కాన్ చేసి, అంచుల వెంట చుక్క చుక్కగా పట్టుకుంటూ పోయేదాన్ని. మూడు రకాలకూ విడివిడిగా. క్ష ఒక్కదానికే తొమ్మిది రోజులు పట్టింది. అమ్మ మంచం మీద ఎప్పుడూ కాగితాలే. “పడుకోవాలంటే అ ఆలను లేపాల్సొస్తాంది” అని గొణిగేది. రెండేళ్ళు పట్టింది మొత్తం.

ఫాంటు ఫైలు అంటే అక్షరాల బొమ్మలే అనుకునేదాన్ని. పని మధ్యలో తెలిసింది, బొమ్మల వెనక కొన్ని వివరాలు కూడా రాసి పెట్టాలని. ఆ అక్షరాల పేరేంటి, చేసినవాళ్ళెవరు, బరువెంత. బరువు అంటే గీత మందం. దానికి ఒక అంకె ఇస్తారు. సన్నానికి మూడు వందలు, నడిమికి, అంటే మామూలుకు, నాలుగు వందలు, లావుకు ఏడు వందలు. తెర మీద ఆ అంకె ఎవరికీ కనపడదు. కంప్యూటర్‌కు మాత్రం అదే గుర్తు. మనం నడిమి అక్షరాలతో టైపు చేసి, పైన లావు బటన్ నొక్కితే, అది అదే అక్షరాల కుటుంబంలో ఏడు వందల అంకె ఉన్న ఫైలు ఎక్కడుందో వెతికి తెచ్చి పెడుతుంది. ఇదంతా నాయనకు చెబితే ఆయనకు వింత.

“బరువుకు కూడా అంకె ఉండాదా? నేను కంటితోనే తూస్తాంటి ఇన్నాళ్ళూ.”

చేసినవాళ్ళ పేరు అనే చోట నాయన పేరు టైపు చేసి చూపించాను. ఆయన చాలాసేపు తెర ముందు వంగి చూశాడు.

“ఇది బయటికి కనపడదు కదా పాపా?”

“వెతికినోళ్ళకు కనపడుతాది నాయనా.”

“సాలు,” అన్నాడు. ఆ రోజంతా ఆయన ముఖం వెలిగిపోతూనే ఉంది.

పని పూర్తయిన వారంలోనే అన్న ఫైళ్ళు అడిగాడు. “కంప్యూటర్ ఎప్పుడు పోతాదో ఎవురికి తెలుసు మ్మా? రెండేండ్ల కష్టం. ఇంట్లో బీరువాలో ఒక కాపీ పెడతా” అన్నాడు. మూడు ఫైళ్ళూ ఫ్లాపీలో వేసి ఇచ్చాను. ఇవ్వడానికి ఆలోచించిన గుర్తు కూడా లేదు.

కొన్నాళ్ళకు జమ్మలమడుగులోనే సొంతంగా చిన్న డీటీపీ అంగడి పెట్టుకున్నాను. పోస్టర్లు, కరపత్రాలు, పెండ్లి పత్రికలు కంప్యూటర్‌లో తయారుచేసి ఇవ్వడం, అచ్చు మాత్రం పెద్ద ప్రెస్సుల్లో వేయించడం. అంగడి తెరిచే రోజు పాస్టరయ్య ప్రార్థన చేస్తుంటే అన్న చెప్పులు బయట విడిచి వచ్చి, మాతోపాటు తల వంచి నిలబడ్డాడు.

ఎన్నికలు వచ్చాయి. మా పక్క ఇద్దరు నాయకులుండేవాళ్ళు. ఒకాయనది పెన్నొడ్డు ఊరు, ఇంకొకాయనది పులివెందుల దారిలో ఊరు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ రెండు వర్గాలకూ పడదు. ఇద్దరి పక్కా కేసులు, ఇద్దరి పక్కా పోయినవాళ్ళు. ఆ ఎన్నికలకు ఇద్దరూ ఒకే పార్టీలోకి వచ్చి చేరారు. పార్టీ పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేశారు. జమ్మలమడుగులో ఇద్దరూ ఒకే వేదిక ఎక్కేట్టు సభ పెట్టారు. దాని వాల్‌పోస్టర్ తయారీ నాకు వచ్చింది. షరతు ఒకటే. రెండు పేర్లూ ఒకే వరుసలో, ఒకే ఎత్తులో, ఒకే లావులో ఉండాలి. పేరు కిందా పైనా పడిందని గోడల మీద పేర్లు రాసే ఆయన్ను తరిమిన సంగతి మాకందరికీ తెలుసు కాబట్టి, ఆ షరతు నాకు పెద్దగా అనిపించలేదు.

పొద్దున పులివెందుల దారి నాయకుడి మనిషి వచ్చాడు. ఆయన ముందే ఆ పేరు టైపు చేశాను. అక్షరాల జాబితాలో నుంచి నేరుగా లావు రకాన్ని ఎంచుకుని పెట్టాను. చూసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. పదకొండు దాటాక పెన్నొడ్డు నాయకుడి మనిషి వచ్చాడు. నడివయసు దాటినాయన, తెల్ల మీసం, ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. జేబులోంచి స్టీలు స్కేలు తీసి బల్ల మీద పెట్టాడు. రెండో పేరు నడిమి అక్షరాల్లో టైపు చేసి, పైన లావు బటన్ నొక్కాను. చేతికి ఏ దారి దగ్గరైతే ఆ దారి. రెండు దారులూ ఒకచోటికే పోతాయి కాబట్టి తేడా ఏమీ ఉండదు. ప్రింటు తీసి ఇస్తే ఆయన మిగిలిన మూడు వేళ్ళతో స్కేలు పట్టుకుని ఎత్తు కొలిచాడు, గీతల మందం కొలిచాడు.

“సమానమే మ్మా,” అన్నాడు. “మంచి అక్షరాలు. ఎవురివి?”

“మా నాయనవి.”

ప్రొద్దుటూరు ప్రెస్సులన్నీ ఎన్నికల పనితో నిండిపోయి ఉండటంతో పార్టీవాళ్ళు అచ్చు పులివెందులలో మాట్లాడుకున్నారు. నా అక్షరాలు వాళ్ళ కంప్యూటర్‌లో లేకపోతే పోస్టర్ సరిగ్గా తెరుచుకోదు కదా అని ఫోన్ చేసి అడిగాను. “ఉండాయి మ్మా, ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న్యాం” అన్నారు. అన్న ఇచ్చి ఉంటాడులే అనుకున్నాను. నాకు చెప్పకుండా ఇచ్చాడే అని ఒక్క క్షణం అనిపించింది గానీ, పోస్టర్ ఫ్లాపీలో వేసి బస్సులో పంపేశాను.

మూడో రోజు గోడల మీదికి ఎక్కాయి. నేను అంగడికి వస్తూ బస్టాండు గోడ దగ్గర ఆగిపోయాను. పులివెందుల దారి నాయకుడి పేరు నిండుగా, నల్లగా నాయన రాసినట్టే ఉంది. దాని పక్కన పెన్నొడ్డు నాయకుడి పేరు బక్కచిక్కి, అంచులు అలుక్కుపోయి, దాని నీడ దాని మీదే పడినట్టు ఉంది. గోడ ముందు అప్పటికే ఇరవైమంది గుమిగూడి ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

అంగడి తాళం తీసేలోపే మూడు వేళ్ళాయన వచ్చాడు, ఇంకో ముగ్గురితో. లోపలికి రాగానే ఒకతను షట్టర్ సగం దించాడు.

“మా నాయకుని పేరు ఎందుకు సన్నబడింది మ్మా?”

“మీ ముందరే కొలిచినారు కదన్నా. నేను పంపించింది అదే.”

“నేను కొలిచింది కాగితం. గోడ మీద ఎక్కింది ఏరే.” ఆయన గొంతు పెంచలేదు. “రాజీ ముందునుంచే ఇష్టంల్యాని మా పిల్లోళ్ళు ఇప్పుడేమంటాండారో తెల్సునా? మనల్ని పిలిపించి, పక్కన కూచోబెట్టి, గోడ మీద బక్కోణ్ణి చేసినారంటాండారు. సభకు మేము రాము అంటాండారు. అది అంతటితో ఆగదు.”

“ఎట్ల జరిగిందో నాకు తెలీదన్నా. కనుక్కుంటా.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ప్రొద్దుటూరులో నీకు పని నేర్పిన ఆయప్పను అడిగే వచ్చినాం. మిషను తప్పు కాదంట. టైపు చేసినోళ్ళ చేతిలో ఉంటాదంట. మీ చర్చి పేటోళ్ళంతా పులివెందుల దారి ఆయనకు ఓట్లేస్తారు, ఆ పాప కావాలని చేసినా చేసిండొచ్చు అన్న్యాడు.”

నా చెవులే తప్పు విన్నాయనుకున్నాను. “ఎవురు? మా అన్నా?” అని రెండుసార్లు అడిగాను. ఆయన తల ఊపాడు. సగం దించిన షట్టర్ కిందనుంచి ఎండ లోపలికి పడుతోంది, ఆ ఎండలో వాళ్ళ చెప్పులు కనిపిస్తున్నాయి. నాకు స్కూటర్ మీద వచ్చిన రోజు గుర్తుకు రాలేదు, క్రిస్మస్ గుర్తుకు రాలేదు. కావాలని అన్న ఆ ఒక్క మాటే తలలో తిరిగింది.

“నాతో పులివెందులకు రాండి,” అన్నాను. “అచ్చేసిన చోటనే మీ కండ్ల ముందర చూపిస్తా.”

వాళ్ళ జీపులోనే బయల్దేరాం. నాయనకు కబురు చేస్తే, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వచ్చి జీపు ఎక్కాడు. వద్దంటే వినలేదు. “అక్షరాలు నావి. తప్పు ఉంటే అక్షరాల్లోనే ఉంటాది. నేను సూడాల.” జీపు ముద్దనూరు దాటింది. తర్వాత నాయనే మూడు వేళ్ళాయనతో వానల గురించి, శనగ పైరు గురించి మాట కలిపాడు. ఆయన కూడా మర్యాదగానే జవాబిచ్చాడు. అట్లా మాట్లాడుకుంటూనే ఏమైనా చేయగలరు వాళ్ళు. అది నాకు తెలుసు, నాయనకూ తెలుసు.

పులివెందుల ప్రెస్సు యజమాని మమ్మల్ని చూసి ముందు కుర్చీలు వేశాడు, తర్వాత తన తప్పేమీ లేదని చెప్పాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముందు ఫ్లాపీ చెడిపోయిందేమో చూశాను. లేదు, చక్కగా తెరుచుకుంది. ప్రింటర్ తప్పేమో అనుకున్నాను. కాదు, తెర మీదే తేడా ఉంది. మొదటి పేరు నిండుగా ఉంది, రెండోది నీడ పడ్డట్టుగా ఉంది. నాయన వెనక నుంచి వంగి చూసి, “కడుపులు మూసుకపోయినాయే” అన్నాడు. ఆ మాటతో నాకు దారి దొరికింది. అది లావు అక్షరం కాదు. నడిమి అక్షరానికి కంప్యూటర్ తానే చుట్టూ గీత గీసి లావు చేసింది. అంటే అసలు లావు ఫైలు దానికి దొరకలేదు.

కానీ మొదటి పేరులో ఆ లావు ఫైలే ఉంది కదా. రెండో పేరును పట్టుకుని, బటన్ తీసేసి, జాబితాలోంచి నేరుగా లావు రకాన్ని ఎంచాను. వెంటనే నిండుగా వచ్చింది. మళ్ళీ వెనక్కు తెచ్చి బటన్ నొక్కాను. బక్కచిక్కింది. ఫైలు ఉంది. బటన్‌కు మాత్రం కనపడటం లేదు. ఇంక చూడాల్సింది ఒక్కటే, ఫాంటు ఫైలు లోపల. అక్షరాల సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌లోనూ ఉంది. మూడు ఫైళ్ళూ తెరిచాను.

సన్నం, నాలుగు వందలు. నడిమి, నాలుగు వందలు. లావు, నాలుగు వందలు.

నేను ఇచ్చిన అంకెలు పోయాయి. బొమ్మ లావుగానే ఉంది, లోపల మాత్రం మామూలు అని రాసి ఉంది. బటన్ నొక్కితే కంప్యూటర్ ఏడు వందల కోసం వెతికింది, కుటుంబంలో ఎక్కడా లేదు, తనకు తోచినట్టు పూత పూసింది. నా కంప్యూటర్‌లో అంకెలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి అక్కడ రెండు పేర్లూ సమానంగా కనిపించాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక జబ్బు ఉండేది. లోపలి వివరాలు ఏది మార్చి సేవ్ చేసినా, బరువు అంకెను మళ్ళీ మామూలుకు తెచ్చేసేది. చివర్లో చేత్తో దిద్దుకోవాలి. కాబట్టి ఎవరో ఈ ఫైళ్ళను తెరిచి, ఏదో మార్చి, సేవ్ చేశారు. ఏం మార్చారు?

కొంచెం కిందికి జరిపాను. చేసినవాళ్ళ పేరు అన్నచోట అన్న పేరు ఉంది. ప్రెస్సు పేరుతో సహా.

“ఆయప్ప చేసిన అక్షరాలే కదా మ్మా ఇవి,” అన్నాడు యజమాని, సొరుగులోంచి సీడీ తీసి బల్ల మీద పెడుతూ. అట్ట మీద అన్న ఫోటో కూడా ఉంది. “జిల్లాలో శానా ప్రెస్సులకు ఇచ్చినాడు.”

నాయన తెర దగ్గరికి ముఖం పెట్టి చదివాడు. పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి.

“నా పేరు యాడుండాది పాపా?” అన్నాడు మెల్లగా.

 జవాబు కోసం ఆగలేదు. వెనక్కు వెళ్ళి కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మూడు వేళ్ళాయనకు మొత్తం చూపించాను. ఇదిగో ఈ అంకె నాలుగు వందలు, అందుకే బటన్‌కు దొరకలేదు. ఇప్పుడు ఏడు వందలు చేస్తాను, చూడండి. దిద్ది, సేవ్ చేసి, మళ్ళీ పోస్టర్ తెరిచాను. రెండు పేర్లూ నిండుగా, ఒకటిగా నిలబడ్డాయి. ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన జేబులోంచి స్కేలు తీసి, తొందర లేకుండా కొలిచాడు.

“సరే. ఇది అర్థమయింది. నువ్వు చేసింది కాదు.” స్కేలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “మరి ఈ అంకె ఎవురు మార్చినారు?”

 యజమాని నేలచూపులు చూశాడు. సీడీ బల్ల మీదే ఉంది, నాకూ మూడు వేళ్ళాయనకూ మధ్య. ఒక్క మాట చాలు. ప్రొద్దుటూరు అని కూడా అనక్కర్లేదు, సీడీని కొంచెం ఆయన వైపు జరిపితే చాలు. సాయంత్రానికల్లా జీపు ఆ ప్రెస్సు ముందు ఆగుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆ ప్రాంతంలో పుట్టిన ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. నా మీద పడి ఉంటే అదే నాకూ జరిగేది. ఆ సంగతి తెలిసే కదా అన్న నా పేరు చెప్పాడు.

నాయన నా వైపు చూశాడు. చెప్పమని కాదు, వద్దని కాదు.

“ఎవురూ మార్చలేదన్నా,” అన్నాను. “కాపీ చేసేటప్పుడు చెడిపోయింది. కంప్యూటర్లకు అప్పుడప్పుడూ అయితాది.”

ఆయన నన్ను చూసి, సీడీని చూసి, “అట్లనా,” అన్నాడు. అంతే. రెండు పేర్లూ కలిపి పొడుగు చీటీలుగా అచ్చు వేయించి, గోడల మీద పాతవాటిపైన అతికించారు. సభ జరిగింది. ఇద్దరూ వేదిక ఎక్కి ఒకరి చేయి ఒకరు పట్టుకుని పైకెత్తారు. జనం చప్పట్లు కొట్టారు. నేను వెళ్ళలేదు.

మర్నాడు ప్రొద్దుటూరు వెళ్ళాను. అన్న నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, టీ చెప్పమని లోపలికి కేక వేశాడు.

“నేను కావాలని చేసినానని చెప్పినావా అన్నా?”

“చేసినావని యాడ చెప్పినా? చేసిండొచ్చు అన్న్యా. నలుగురు వచ్చి నిలబడితే నేనేం చెయ్యాల మ్మా? నాకు పిల్లలుండారు.”

“నాకు నాయన ల్యాడా?”

ఆయన కుర్చీ జరిపి కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

“మా నాయన పేరు తీసేసి నీ పేరు ఎందుకు రాసుకున్నావు?”

“అది యాపారం మ్మా. మీ నాయన పేరు ఎవురికి తెలుసు? నా పేరుంటే ప్రెస్సులోళ్ళు నమ్ముతారు. సాఫ్ట్‌వేర్ ఎవురు తెచ్చిచ్చినారు? కంప్యూటర్ ఎవురిది? కీబోర్డు మీద చెయ్యి పెట్టడం ఎవురు నేర్పినారు?” కొంచెం ఆగి, చేయి తిప్పాడు. “అయినా అ ఆలు మీ నాయన కనిపెట్టినాడా?”

ఆ అ ఆలనే నేను రెండేళ్ళు చుక్క చుక్కగా పట్టుకున్నాను. ఆయన ముందుకు వంగాడు. అప్పుడు మాత్రం గొంతు మారింది.

“వాళ్ళకు నా పేరు చెప్పినావా?”

“చెప్పలేదు.”

ఆయన ముఖం మీద సిగ్గు వస్తుందేమోనని చూశాను. ఇప్పటికీ ఆ క్షణం నాకు స్పష్టంగా గుర్తుంది, ఎందుకంటే నేను నిజంగానే ఎదురుచూశాను. సిగ్గు రాలేదు. ఊపిరి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి. “టీ ఇంకా తేలేదేందిరా!” అని లోపలికి ఇంకోసారి కేక వేశాడు. తర్వాత కాగితం, పెన్ను నా ముందుకు జరిపాడు.

“అంకె ఎట్ల దిద్దాలో రాసియ్యి మ్మా. ఇంగో ప్రెస్సులో ఇట్లే జరిగితే మళ్ళీ గొడవ.”

రాసిచ్చాను. ఎందుకు రాసిచ్చానని చాలామంది అడిగారు, అమ్మ అయితే ఏళ్ళ తరబడి అడిగింది. సీడీ జిల్లా అంతా తిరుగుతోంది. ఎన్నికలకు ఇంకా మూడు వారాలున్నాయి. ఇంకో ఊళ్ళో ఇంకో పేరు బక్కచిక్కితే, ఆ టైపు చేసిన మనిషి మీదకి ఎవరు వస్తారో ఎవరికి తెలుసు. ఏ ఫైలు తెరవాలి, ఎక్కడ మూడు వందలు, ఎక్కడ నాలుగు వందలు, ఎక్కడ ఏడు వందలు పెట్టాలి, సేవ్ చేశాక మళ్ళీ తెరిచి ఎందుకు చూసుకోవాలి, అంతా వరుసగా రాశాను. చివర ఇంకో వాక్యం రాశాను. చేసినవాళ్ళ పేరు దగ్గర మా నాయన పేరు తిరిగి పెట్టు. టీ తాగకుండా వచ్చేశాను.

నెల తిరక్కుండా కొత్త సీడీ వచ్చింది. తెలిసిన ప్రెస్సాయన దగ్గర అడిగి తెరిచి చూశాను. బరువు అంకెలు మూడూ సరిగ్గా ఉన్నాయి, నేను రాసిచ్చినట్టే. పేరు మారలేదు. కాగితం చివరి వాక్యం చదివే వదిలేసి ఉంటాడు.

ఈ విషయం నాయనకు చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆయన వింటూ బ్రష్ కడుక్కుంటున్నాడు. కోపం వచ్చిందా అని అడిగాను. “ఆ పిల్లోనికి మన ఇంట్లో అన్నం పెట్టినాం కదా,” అన్నాడు. జవాబు అదో కాదో నాకు తెలియలేదు. ఆ తర్వాత క్రిస్మస్‌కు అమ్మ విస్తళ్ళు లెక్కపెట్టేటప్పుడు ఒకటి తగ్గించి వేసింది. 

కొన్నేళ్ళకు ప్రొద్దుటూరులో ప్రెస్సులవాళ్ళు సభ పెట్టి, తెలుగు అక్షరాలు తయారుచేసినందుకు అన్నకు శాలువా కప్పారు. ఆహ్వానం మాకూ వచ్చింది. నాయన అక్షరాల్లోనే అచ్చయింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, “ళ తోక కొంచెం పొడుగైంది. అప్పుడే దిద్దాల్సింది,” అన్నాడు. నేను ఆ పత్రికను చించబోతే చేతిలోంచి తీసుకుని బైబిలు కింద పెట్టాడు.

మూడు వేళ్ళాయన పెద్దవాడయ్యాక సర్పంచికి నిలబడ్డాడు. కరపత్రం కోసం నా దగ్గరికే వచ్చాడు. అచ్చయి వచ్చాక తీసుకోవడానికి వచ్చి, లేవకుండా కూర్చున్నాడు.

“ఆ పొద్దు పులివెందులలో నువ్వు అబద్ధం చెప్పినావు కదా మ్మా?”

నేను కరపత్రాల కట్టకు దారం చుట్టాను.

“సీడీ మీద ఫోటో నాకు కనపడలేదనుకున్నావా? నువ్వు నోరు తెరిచింటే ఆయప్పకు కాలో చెయ్యో పోయిండేది. ఆ సంగతి ఆయప్పకు కూడా బాగా తెల్సు.” బయట బస్సు హారన్ మోగితే అది ఆగేదాకా ఊరుకున్నాడు. “ఎప్పుడన్నా ఒక్క మాట అన్న్యాడా నీతో, దాని గురించి?”

“ల్యాదు,” అన్నాను.

“అనడు,” అని ఆయన కరపత్రాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆ రోజు సరైన పనే చేశానని నాకు తెలుసు. మళ్ళీ ఆ గదిలో కూర్చోబెట్టినా అదే చెబుతాను. దానివల్ల మనసు తేలిక అవుతుందని అనుకునేదాన్ని. అవలేదు. ఒక మనిషిని కాపాడి, ఆ మనిషినే చూడలేకుండా బతకడం ఎట్లా ఉంటుందో ఇంకొకరికి చెప్పడం కష్టం. అంగడికి కాగితం కావాలంటే ఇప్పటికీ ఎర్రగుంట్ల మీదుగా కడపకు పోతాను. ప్రొద్దుటూరే దగ్గర. బస్సులు కూడా ఎక్కువ.